అనుమతి అడిగిన సభలు – నిజాం రాజ్యంలో సంఘాల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగారు. పెన్షను సవరణ గురించీ, బకాయిల గురించీ లెక్కలతో సహా వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన విద్య అల్లా ఫైలు చదవటం, నోటు పెట్టటం. రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, తాలూకా కచేరీల రికార్డు గదుల్లో సగం జీవితం గడిపినవాణ్ణి కనుక, మన పాత హైదరాబాదు రాజ్యంలో సంఘాలు, సభలు ఎలా పుట్టాయో నాకు తెలిసినంత వరకు వ్రాస్తున్నాను. విజ్ఞులైన మిత్రులు ఇందులో చాలా సంగతులు ఇంతకుముందే విని ఉంటారు. అయినా మన పిల్లలకూ, మనవలకూ తెలియవు గదా.

పత్రికల్లో ఈ మధ్య 'పౌర సమాజం' అనే మాట తరచు కనిపిస్తోంది. ఏదో ఒక దేశంలో తుపాకులు మోగుతుంటాయి, జనం ఊళ్ళు వదిలిపోతుంటారు, అక్కడ పౌర సమాజాన్ని నిర్మించాలని పెద్దలు చెబుతుంటారు. అంటే ఏమిటి? ఇటు కుటుంబమూ కాదు, అటు సర్కారూ కాదు. ఆ రెంటికీ మధ్య మనుషులు తమంతట తాము కూడి, చందా వేసుకుని, ఒక నియమావళి వ్రాసుకుని నడుపుకునే వ్యవహారం. మన పెద్దలు దాన్ని సంఘమనీ, సభ అనీ, నిలయమనీ అన్నారు. దూరదేశాల సంగతి అలా ఉంచండి. ఒకప్పుడు మన హైదరాబాదే దాదాపు ఒక దేశం. దానికి సొంత నాణెం, సొంత తపాలా బిళ్ళ, సొంత రైలు, సొంత సైన్యం ఉండేవి. 82 వేల చదరపు మైళ్ళకు పైగా విస్తీర్ణం, 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై మూడు లక్షల జనం. అందులో సగానికి కాస్త తక్కువమంది తెలుగువారు, పాతికవంతు మరాఠీవారు, మిగిలినవారిలో కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు. సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో. అక్షరం ముక్క వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. అటువంటి చోట తొలి రోజుల్లో పుట్టిన ఒక సంఘం పుస్తకాల కోసం పుట్టిందంటే ఆశ్చర్యమే.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దానికి వెన్నుదన్ను. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు తెలుగులో అచ్చువేయసాగింది. పైకి చూస్తే ఇవన్నీ నాలుగు బీరువాలు, రెండు బల్లలు, ఒక దీపం. కాని అక్కడ కూర్చున్నవారు ఎవరి కొలువులోనూ ఉండి కూర్చోలేదు, ఎవరి పెళ్ళికీ వచ్చి కూర్చోలేదు. పేరు వ్రాయించుకుని, చందా కట్టి కూర్చున్నారు. దివాణంలో చేతులు కట్టుకుని నిలబడటమే సభామర్యాదగా బ్రతికిన రాజ్యంలో ఇది కొత్త సంగతి.

తరువాతి మెట్టు అవమానంలోంచి వచ్చింది. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి కర్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి, అందరూ శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావుగారనే వకీలు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో కేకలు, నవ్వులు, చప్పట్లు. రాజ్యంలో దాదాపు సగం జనం మాట్లాడే భాష వినటానికి సంస్కర్తల సభకే ఓపిక లేకపోయింది! ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో పది పన్నెండుమంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అల్లరి చేసినవారి మీద తిరిగి అల్లరి చేయాలని ఎవరూ అనలేదు. ఒక కాగితం తీసుకుని సంఘం పేరు, ఉద్దేశాలు వ్రాసుకున్నారు. గుమాస్తాను గనుక నాకు ఆ కాగితం మీదే గౌరవం ఎక్కువ.

ఆ సంఘానికి ప్రాణం మాడపాటి హనుమంతరావుగారు. వకీలు కాకముందు ఆయన కొంతకాలం సర్కారు కొలువులో గుమాస్తాగా పనిచేశారు. అంటే మన జాతి మనిషే. సర్కారును ఎదిరించటంలో ఆయన పట్టిన దారి కూడా గుమాస్తా దారే. వెట్టిచాకిరీ మీద రాజ్యంలో కొన్ని ఆజ్ఞలు అప్పటికే ఉన్నాయి. ఫలానా పని ఊరికే చేయించుకోరాదు, ఫలానా పనికి కూలి ఇవ్వాలి అని. ఆ గస్తీలు ఉర్దూలో ఉండేవి, కచేరీ బీరువాల్లో ఉండేవి. మోసేవాడికి తెలియదు, మోయించుకునే దొర చెప్పడు. జనసంఘం వారు వాటిని సేకరించి తెలుగులో చిన్న చిన్న పుస్తకాలుగా వేశారు. వెట్టిచాకిరీ గురించి ఒకటి, వర్తకుల హక్కుల గురించి ఒకటి, చేతివృత్తుల మీద వేసే మొహతర్ఫా పన్ను గురించి ఒకటి. సర్కారు మాటనే సర్కారు మనుషుల ముందు చదివి వినిపించటం! దీన్ని పిరికిపని అని తరువాతి తరంవారు కొందరు ఎద్దేవా చేశారు. నేనొప్పుకోను. ఒక అమీను ముందు గ్రామస్థుడు కాగితం తీసి 'ఇందులో ఇలా ఉన్నదండీ' అనటానికి ఎంత గుండె కావాలో కచేరీలో పనిచేసినవారికి తెలుసు.

సర్కారు మటుకు ఈ నెమ్మది పనినీ నమ్మలేదు. సభల మీద నిర్బంధం పెట్టే గస్తీ నిషాన్ 53 అనే ఆజ్ఞ ఒకటుండేది. సభ జరుపుకోదలచినవారు ముందుగా అర్జీ పెట్టుకుని, సభ దేనికో, మాట్లాడేది ఎవరో చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. రాజకీయాలు మాట్లాడరాదు. అర్జీ పెడితే జవాబు రాదు, జవాబు వచ్చేసరికి తేదీ దాటిపోతుంది. ఖాంగీ బడి పెట్టాలన్నా అనుమతే. ఇదే కాలంలో పక్కనున్న బ్రిటిషాంధ్రలో, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు రాష్ట్రం మొత్తానికి గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా ఉద్యమం నడిపారు. అక్కడ అది ఉత్సవం, ఇక్కడ అది తాలూక్దారు గారి ఫైలు.

ఫైలు అని తేలికగా అన్నాను గాని, దానివల్ల ఒక మేలు జరిగిందని నా అభిప్రాయం. అనుమతి అడగాలంటే ఎవరో ఒకరు తమ పేరు వ్రాసి సంతకం పెట్టాలి. పేరు వ్రాసినవాడు జవాబుదారీ అవుతాడు. సభలో ఏం తీర్మానించారో వ్రాసిపెట్టుకోకపోతే, రేపు సర్కారు ఇంకేదో తీర్మానించారంటుంది. అందుచేత మినిట్సు పుస్తకం తప్పనిసరి. చందా లెక్క సరిగ్గా లేకపోతే ఆ డబ్బు దేనికి పోగుచేశారని అడుగుతారు. అందుచేత రసీదు పుస్తకం తప్పనిసరి. సర్కారు అనుమానమే ఈ సంఘాలకు క్రమశిక్షణ నేర్పింది.

పత్రికలు కూడా ఇలాగే పుట్టాయి. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వచ్చాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు వ్రాస్తే, ప్రతాపరెడ్డిగారు దెబ్బలాటకు దిగకుండా ఊరూరికీ జాబులు వ్రాసి 354 మంది కవుల పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చేతిలో పెట్టారు. అంతమందికి జాబులు, జవాబులు, అడ్రసులు, ఆ ఫైలు ఎంత లావుండేదో ఊహించుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. మాడపాటివారు 1928లో ఆడపిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే ఉన్నత పాఠశాల పెట్టారు. ఉన్నత విద్య చాలావరకు ఉర్దూలో నడిచే రాజ్యంలో అది చిన్న సాహసం కాదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారైతే పుస్తకాలు తానే మోసుకుంటూ ఊళ్ళ వెంట తిరిగి అమ్మారు.

1930 మార్చిలో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగింది. ఘోషా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు పగటిపూట సభకు వచ్చి కూర్చోవటం ఆ ప్రాంతంలో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆదిహిందూ నాయకుడు భాగ్యరెడ్డివర్మగారు ఆ సభకు వస్తే, ఆయన మాట్లాడరాదని కొందరు సనాతనులు అభ్యంతరం చెప్పారు. తొమ్మిదేళ్ళ కింద హైదరాబాదు సభలో తమ భాషను వినలేదని బాధపడినవారిలోనే కొందరికి ఈ మనిషి మాట వినబుద్ధి కాలేదన్నమాట. సంఘాల చరిత్ర వ్రాసేటప్పుడు ఇది దాచిపెట్టకూడదు. దాచితే తరువాత జరిగింది అర్థం కాదు.

మా ఊరు సూర్యాపేట ప్రాంతం. అక్కడ ఒక కోమటి ఇంటి అరుగు గదిలో పఠనాలయం ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు. గోలకొండ పత్రిక రెండు రోజులు ఆలస్యంగా వచ్చేది. చదవటం వచ్చినవారు ముగ్గురో నలుగురో. తక్కినవారు వినేవారు. మాలీ పటేలు మనిషి ఒకడు రోజూ వచ్చి గడప పక్కన కూర్చుని ఎవరెవరు వస్తున్నారో చూసి వెళ్ళేవాడట. కొన్నాళ్ళకు వాడికీ పత్రిక రుచి తగిలి, పటేలు దగ్గరికి వెళ్ళటం మానేసి కూర్చున్న చోటే నిద్రపోయేదాకా వినేవాడని నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. 1948లో రజాకార్ల భయం ముదిరినప్పుడు ఆ పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కట్టి జొన్నపాతరలో దింపారు. తీసేసరికి సగం చెదలు తినేశాయి.

ఇప్పుడు చందా సంగతికి వస్తాను. ఎందుకంటే అసలు కథ చందాలోనే ఉంది. మహాసభ సభ్యత్వం చాలాకాలం ఏడాదికి ఒక రూపాయి. మనకు రూపాయంటే నవ్వులాట. ఆ రోజుల్లో పాలేరుకు అది రోజుల కష్టం. కనుక సభ్యులెవరయ్యా అంటే వకీళ్ళు, వర్తకులు, భూస్వాములు, కొద్దోగొప్పో చదివినవారు. దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాదు సభల దాకా ఇదే వరస. తీర్మానాలు మంచివే, వెట్టి పోవాలన్నారు, బడులు కావాలన్నారు. కాని వెట్టి చేసేవాడు పందిట్లో బెంచీలు మోసేవాడే గాని బెంచీ మీద కూర్చున్నవాడు కాదు. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులయ్యారు. (ఇది బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు, హుజూర్‌నగర్ దగ్గరిది.) అప్పటినుంచి గాలి మారింది. 1944లో భువనగిరి సభ నాటికి సభ్యత్వం రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. జనం తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. మా నాన్నగారూ సైకిలు మీద వెళ్ళారు. మాడపాటివారు, బూర్గులవారు, వారి మిత్రులు ఆ సభకు దూరమయ్యారు. సభ రెండుగా చీలింది. మరుసటి ఏడాది నుంచి ఎవరి సభ వారిదే.

ఈ చీలికలో తప్పెవరిదని మన పెద్దలు దశాబ్దాలు వాదించుకున్నారు. నా మటుకు నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తుంది. నాలుగణాలు చేయకపోతే అది జనం సంఘం అయ్యేది కాదు. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ గడీ కింద నలిగినవాడికి తీర్మానం నకలు ఇచ్చి ఇంటికి పంపటం ఇక కుదరని పని. అయితే ఇరవై మూడేళ్ళు ఒకరి మాట ఒకరు వినటం అలవాటు చేసుకున్న రెండు పక్షాలూ ఒకే పందిరి కింద పోట్లాడుకునే అవకాశాన్ని వదులుకోవటం, సరిగ్గా నిప్పు అంటుకోబోయే ముందు వదులుకోవటం, మనకు చాలా ఖరీదైంది.

ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. దాన్ని గురించి మనవారు తక్కువ మాట్లాడతారు. తెలుగువారికి ఆంధ్ర మహాసభ. 1937 ప్రాంతంలో మరాఠీవారికి మహారాష్ట్ర పరిషత్తు, కన్నడంవారికి కర్ణాటక పరిషత్తు. ముస్లింలకు 1927 నుంచి ఇత్తెహాదుల్ ముస్లిమీన్. ఎవరి గది వారిది, ఎవరి దీపం వారిది. అందరూ కలిసి కూర్చునే గది కట్టే ప్రయత్నాలు జరగకపోలేదు. 1930ల మధ్యలో ముల్కీల హక్కుల కోసం హిందూ ముస్లింలు కలిసి ఒక సంఘం నడిపారు, అది నిలవలేదు. 1938లో మందుముల నరసింగరావుగారు, బహదూర్ యార్ జంగుగారు మొదలైనవారు సఖ్యత చర్చలు జరిపారు, అవి తెగలేదు. అదే ఏడాది స్టేట్ కాంగ్రెసు పుట్టకముందే నిషేధం పడింది. అది 1946లో గాని తొలగలేదు. బహదూర్ యార్ జంగు 1944లో కన్నుమూశాక, 1946లో ఇత్తెహాదు పగ్గాలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి.

తరువాతి రెండేళ్ళ సంగతి ఈ ప్రాంతంలో ప్రతి కుటుంబానికీ తెలుసు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చిచంపారు. ఆ ఏడాది చివర్లో ఆంధ్ర మహాసభను నిషేధించారు. నాలుగణాల రసీదు ఇచ్చే సంఘం బహిరంగంగా బతకలేక గుతపలకూ, తరువాత తుపాకులకూ మళ్ళింది. 1947 నవంబరు 29న ఇండియాతో యథాతథ ఒప్పందం కుదిరినా ఊళ్ళలో ఏదీ యథాతథంగా లేదు. రజాకార్లు, పోలీసులు ఊళ్ళ మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న ఒక్క బైరాన్‌పల్లిలోనే ఎనభైమందికి పైగా చంపారు. జనం సరిహద్దు దాటి శిబిరాల్లో తలదాచుకున్నారు. దళాలు కూడా దేశ్‌ముఖుల మనుషులనూ, ఇన్‌ఫార్మర్లని అనుమానం వచ్చినవారినీ చంపాయి.

ఆ చీకట్లో ఉర్దూ గదిలోంచి కొందరు బయటికి వచ్చి మాట్లాడారు. వారి పేర్లు మన పిల్లలకు చెప్పాలి. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు హైదరాబాదు ఇండియాలో చేరటమే మంచిదని ప్రకటన ఇచ్చారు. వారిలో ఫరీద్ మీర్జాగారు తహశీల్దారుగా ఉండి, రజాకార్ల దౌర్జన్యాలు చూడలేక రాజీనామా ఇచ్చినవారు. నౌకరీ అంటే ఏమిటో, దాన్ని వదులుకోవటం అంటే ఏమిటో మన సంఘ సభ్యులకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ పత్రికలో వేసిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళ్ళే దారిలో కాల్చి, చెయ్యి నరికి చంపారు. ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

సెప్టెంబరు 13న ఇండియా సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మనవారు చాలామంది కథను అక్కడ ఆపేస్తారు. కథ అక్కడ ఆగలేదు. మరాఠ్వాడాలోనూ, కన్నడ జిల్లాల్లోనూ ముస్లింల మీద ఘోరమైన ప్రతీకారం జరిగింది. నెహ్రూగారి ప్రభుత్వం పండిత సుందర్‌లాల్ గారినీ, హైదరాబాదులో పయాం పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్ గారినీ మరొకరితో కలిపి పంపించింది. వారు నవంబరు, డిసెంబరు నెలల్లో ఊళ్ళు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. 2013 ప్రాంతంలో గాని బయట చదివే వీలు కలగలేదు.

ఆ నివేదికలో ఒక సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందువులే ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారనీ, అది ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఎక్కువగా కనిపించిందనీ వ్రాశారు. హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళ పక్షాన నిలబడి, దాడికి వచ్చిన హిందువులతోనే పోరాడారు, తమవారిని పోగొట్టుకున్నారు కూడా. ఆ నేతగాళ్ళకు మహాసభ లేదు, పరిషత్తు లేదు, మినిట్సు పుస్తకం అసలే లేదు. నూలు ఒకచోట కొంటారు, బట్ట ఒకచోట అమ్ముతారు, అప్పు ఒకే షావుకారు దగ్గర తెస్తారు. అంత నేత నేసిన సంబంధం మన సభల్లో ఒక్కటీ కట్టలేకపోయింది. చందాలు, తీర్మానాల మీద ఇంత గౌరవమున్న నాకు ఈ మాట వ్రాయటం కష్టంగానే ఉంది. కాని ఉన్నది ఉన్నట్టు వ్రాయాలి.

పోలీసు చర్య తరువాత తెలంగాణలో తుపాకులు ఇంకో మూడేళ్ళు మోగాయి. ఈసారి సైన్యానికీ, దళాలకూ మధ్య. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాజీ ముందు వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలు ఇస్తానన్నారు. అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించింది. మూడు నాలుగు నెలల్లోనే ఎన్నికలు!

నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది ఈ ఎన్నికలే. నిన్నటిదాకా అడవిలోనూ, జైల్లోనూ ఉన్నవారు, నిన్నటిదాకా వారిని పట్టించినవారు, గడీల దొరలు, వకీళ్ళు అందరూ నామినేషను పత్రాలు నింపారు. నల్లగొండ పార్లమెంటు స్థానంలో రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. (అది ఇద్దరిని ఎన్నుకునే ద్విసభ్య నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు. ఆ లెక్క మరచి పోల్చకూడదు. అయినా పెద్ద విజయమే.) 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే దేవరకొండ మహాసభ అధ్యక్షుడు. కొండా వెంకటరంగారెడ్డిగారు, షాద్‌నగర్ సభ అధ్యక్షుడు. ప్రతాపరెడ్డిగారు వనపర్తి నుంచి గెలిచారు. మాడపాటివారు అప్పటికే హైదరాబాదు నగరానికి మేయరు. ఎదురు బెంచీల మీద ప్రజాతంత్ర కూటమి సభ్యులు, అదే మహాసభ రెండో పాయ. భువనగిరిలో విడిపోయిన పందిరి ఎనిమిదేళ్ళకు శాసనసభలో మళ్ళీ కలిసింది. 'అధ్యక్షా' అని లేచి నిలబడటం, ఎదుటివాడు ముగించేదాకా ఆగటం, సవరణ ప్రతిపాదించటం వీరిలో చాలామందికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేకపోయింది. అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకుని, పోలీసు ముందు కూర్చుని జరిపిన సభల్లో నేర్చుకున్నారు. ముస్లిం గదినుంచి ఆ సభకు వచ్చినవారు మటుకు కొద్దిమందే.

భూమి సంగతి అంత తొందరగా తేలలేదు. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లు వ్రాశారు. ఆ చట్టంలోని 38-ఇ సెక్షను కింద కౌలుదార్లకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇవ్వటం 1970లలో జోరందుకుంది. నేను అప్పుడే కొత్తగా కొలువులో చేరాను. రోజూ బల్ల ముందు క్యూ. మా తాలూకా ఊళ్ళలోంచి ఒక ముసలాయన వచ్చి, తలపాగా కొసలోంచి కాగితాలు ఒక్కటొక్కటిగా తీసి పరిచాడు. కౌలు కాగితం, రెండు శిస్తు రసీదులు, వాటి అడుగున మడతలు పడి చిరగబోతున్న చిన్న కాగితం ఇంకొకటి. ఆంధ్ర మహాసభ సభ్యత్వం, నాలుగణాలు ముట్టినవి.

"ఇది భూమి కాగితం కాదు తాతా, ఫైల్లో అవసరం లేదు" అన్నాను.

"నాకెర్కలేదా బిడ్డా! గప్పుడు గిది దొరికితే సంపేటోళ్ళు. గోడల పెట్టి మన్ను మెత్తిన. సర్కారు కాగితాల పక్కపొంటి ఒక్కసారి పెట్టి సూద్దామని తెచ్చిన" అన్నాడు.

రిజిస్టరులో ఆయన పేరు ఉంది, సర్వే నంబరు సరిపోయింది. అక్కరకొచ్చే కాగితాలకు నంబర్లు వేసి ఫైలు కుట్టాను. రసీదు మడతపెట్టి ఆయన చేతికే ఇచ్చాను. సర్టిఫికెట్టు ఆ ఏడాదే వచ్చింది. రెండెకరాల పదకొండు గుంటలు.